ఏం పని చేస్తావని అడగని వైద్యం

పత్తికి, మిరపకు, వరికి మందు కొట్టే రోజులివి. ఈ నెలల్లో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా ఒంటి మీద దద్దుర్లు, చేతుల మీద పగుళ్లు, గజ్జల్లో తామర, వేళ్ల సందుల్లో పుండ్లతో వచ్చిన రైతులు, కూలీలు వరుసలో కనిపిస్తారు. అందరికీ దాదాపు ఒకటే వైద్యం: ఒక ట్యూబు, నాలుగు దురద బిళ్లలు. వాళ్ల చేతిలో ఉన్న ఓపీ చీటీ చూడండి. పేరు ఉంటుంది, వయసు ఉంటుంది, ఊరు ఉంటుంది. ఏం పని చేస్తారన్నది చాలా చోట్ల ఉండదు. నిన్న ఏ మందు కొట్టారు, ఏ చేలో కలుపు తీశారు, ఎన్ని గంటలు బురదలో నిలబడ్డారు అని అడిగేవారు అరుదు.

రోజుకు వందమందిని చూడాల్సిన డాక్టరును తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వైద్య పరిశోధన ఆ చీటీ దగ్గరే మొదలవుతుంది. చీటీలో లేనిది లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని రోగం మీద పరిశోధన జరగదు. పరిశోధన లేని రోగానికి సరైన మందు రాదు. పంట నష్టానికి లెక్క కావాలని, ఎన్యూమరేషన్ జరగాలని మనం పోరాడుతున్నాం. ఒంటి నష్టానికి కూడా లెక్క కావాలని అడగాల్సిన సమయం వచ్చింది.

జొన్న తినే కూలీల రోగం

అడిగితే ఏం జరుగుతుందో చెప్పడానికి మన గడ్డ మీదే ఒక ఉదాహరణ ఉంది. పెల్లాగ్రా అనే జబ్బు ఒకప్పుడు దక్కన్ పల్లెల్లో పేద కూలీలను పట్టి పీడించింది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, అంటే ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. ముదిరితే విరేచనాలు, ఆ తర్వాత మతి చెదరడం. విదేశీ పుస్తకాలు దీన్ని మొక్కజొన్న తినేవాళ్ల రోగమని చెప్పాయి. కానీ ఇక్కడి రోగులు మొక్కజొన్న తినేవాళ్లు కారు.

హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా ఈ రోగులు ఏం తింటున్నారో ఆరా తీశారు. మూడు పూటలా జొన్నే తినేవాళ్లలో ఈ జబ్బు వస్తోందని గమనించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం పాలు ఎక్కువగా ఉండటానికీ, ఒంట్లో నియాసిన్ అనే బి విటమిన్ పనికీ సంబంధం ఉందని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా చర్చ జరిగింది. అయినా ఈ రోగం మన దగ్గర ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది అన్న ప్రశ్న మొదట లేచింది ఇక్కడే. లూసిన్ తక్కువగా ఉండే జొన్న రకాల కోసం వెతకడం దాకా ఆ పని సాగింది.

ఇందులో జొన్న తప్పేమీ లేదు. పప్పు, పాలు, కూర కొనలేక ఒక్క జొన్న సంకటితో, రొట్టెతో కడుపు నింపుకోవాల్సి రావడం అసలు కారణం. చర్మం మీద మచ్చను పట్టుకుని పోతే కూలి రేట్ల దాకా, తిండి దాకా వెళ్లొచ్చని ఆ పరిశోధన చూపింది. ‘ఏం తింటావు’ అని అడిగితే అంత తెలిసింది. ‘ఏం పని చేస్తావు’ అని అడిగితే ఇంకెంత తెలియాలి?

పద్ధతి పొలం నుంచే వెళ్లింది

క్లినికల్ ట్రయల్ అనగానే మన ఊళ్లలో భయం ఉంది. ఆ భయానికి కారణాలున్నాయి, కింద చెబుతాం. ముందు అదేమిటో తెలుసుకోవాలి. కొత్త విత్తనం వస్తే మనం ఏం చేస్తాం? చేను మొత్తం వేయం. ఒక మడిలో కొత్త రకం, పక్క మడిలో పాత రకం వేసి, ఒకే నీరు, ఒకే ఎరువు ఇచ్చి దిగుబడి పోల్చుకుంటాం. మంచి నేలలో కొత్త రకం వేసి చవుడులో పాతది వేస్తే ఆ పోలిక తప్పవుతుంది. కాబట్టి ఏ మడికి ఏ రకమో చీటీలు తీసి తేల్చాలి.

ఈ చీటీ పద్ధతిని శాస్త్రంగా మలచింది ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్. 1920లలో పైరు మడుల మీద ఆయన చేసిన పనిని డాక్టర్లు తీసుకున్నారు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా లేదా అన్నది 1948లో బ్రిటన్‌లో అదే పద్ధతిలో తేల్చారు. నేడు ప్రపంచంలో ఏ మందైనా ఇలాంటి పోలికలోనే నెగ్గి రావాలి. పొలం నుంచి వెళ్లిన పద్ధతి తిరిగి పొలంలో పనిచేసేవాళ్ల రోగాల దాకా మాత్రం సరిగా రాలేదు. మన ఫిర్యాదు అదే.

తామర చెప్పే పాఠం

తామరనే తీసుకుందాం. పదేళ్లుగా మన దేశంలో తామర మొండికేసింది. ఒకప్పుడు మూడు నాలుగు వారాల్లో పోయేది, ఇప్పుడు నెలల తరబడి ఉంటోంది, ఇంట్లో ఒకరి నుంచి అందరికీ పాకుతోంది. చెమటతో తడిసిన బట్టలతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలో ఉండే మనకు ఇది మరీ ఎక్కువ. దీనికి ఊళ్లో దొరికే వైద్యం మెడికల్ షాపు ట్యూబు. అందులో స్టిరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు కలిపి ఉంటాయి. స్టిరాయిడ్ వల్ల రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. రోగి సంతోషిస్తాడు. లోపల బూజు జాతి క్రిమి మాత్రం అడ్డు లేక పెరుగుతుంది. ట్యూబు ఆపగానే రెట్టింపుగా లేస్తుంది. చర్మం పలచబడి చారలు పడుతుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మన మండల కేంద్రాల్లో ఆ నిబంధన ఎంత అమలవుతోందో మనందరికీ తెలుసు. ఈలోగా మామూలు తామర మందు టెర్బినాఫిన్‌కు లొంగని కొత్త రకం క్రిమి మన దేశంలో పాకింది. శాస్త్రవేత్తలు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఇండియా పేరు దానికి అలా అంటుకుంది. ఇప్పుడది యూరప్, అమెరికాల్లో కూడా కనిపిస్తోంది.

ఇలాంటి సమయంలో వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం డాక్టర్లు ఒక మంచి పని చేశారు. 400 మంది తామర రోగులను చీటీ పద్ధతిలో నాలుగు గుంపులు చేసి, నాలుగు పాత మందులు ఇచ్చి పోల్చారు. ఎనిమిది వారాల తర్వాత పూర్తిగా నయమైనవాళ్లు ఇట్రాకొనజోల్‌తో నూటికి 66 మంది, ఫ్లూకొనజోల్‌తో 42 మంది, టెర్బినాఫిన్‌తో 28 మంది, గ్రిసియోఫుల్విన్‌తో 14 మంది. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. పుస్తకంలో మొదటి వరుసలో ఉన్న మందు నూటికి డెబ్బై మందికి పైగా పని చేయలేదని దీనితో తేలింది. అన్నిటికన్నా మెరుగైన మందుతో కూడా ముగ్గురిలో ఒకరికి నయం కాలేదు.

ఈ అంకెలు చూసి ఎవరూ షాపుకెళ్లి ఇట్రాకొనజోల్ కొనుక్కోవద్దు. గుండె, కాలేయం జబ్బులున్నవాళ్లకు అది ప్రమాదం, డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు. మనం గమనించాల్సింది వేరే. ఇందుకు కొత్త మందు కనిపెట్టక్కర్లేకపోయింది, పెద్ద కంపెనీ రానక్కర్లేకపోయింది. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఆస్పత్రి, ఓపీకి వచ్చే మామూలు రోగులు, పాత మందులు, ఓపికగా రాసిన లెక్క ఉంటే చాలింది. మన రెండు రాష్ట్రాల్లో ఇన్ని ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. చర్మ విభాగాలు ఉన్నాయి. ఇలాంటి పోలికలు ఇక్కడ ఎందుకు విరివిగా జరగకూడదు?

వయ్యారిభామ బాధితులు

ఇంకొకటి చూడండి. వయ్యారిభామ అని, కాంగ్రెస్ గడ్డి అని పిలిచే కలుపు 1950లలో పుణె దగ్గర మొదట కనిపించి దేశమంతా పాకింది. గట్ల మీద, బీళ్లలో, రోడ్ల పక్కన అదే. దాని ధూళి గాలిలో లేచి తగిలితే కొందరికి ముఖం, మెడ, చేతులు మందంగా, నల్లగా మారి, రాత్రి నిద్ర పట్టనంత దురద పుడుతుంది. ఏళ్ల తరబడి పోదు. కలుపు తీసే ఆడవాళ్లు, గట్లు చెక్కే మగవాళ్లు దీని బారిన పడతారు. చూసేవాళ్లు పెద్దరోగమేమోనని దూరం జరుగుతారు. రోగం కంటే ఆ అవమానం ఎక్కువ బాధిస్తుంది.

దీనికి ఇచ్చేది స్టిరాయిడ్ బిళ్లలే. ఏళ్ల తరబడి వాడితే షుగరు, ఎముకల బలహీనత, ముఖం ఉబ్బడం. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు అజాథయోప్రిన్ అనే పాత, చవక మందును స్టిరాయిడ్‌తో పోల్చి చూశారు. యాభై మందికి పైగా రోగులతో జరిగిన ఆ పరిశీలన 2008లో అచ్చయింది. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి, స్టిరాయిడ్ తీసుకున్నవాళ్లలో దుష్ఫలితాలు, రోగం తిరగబెట్టడం ఎక్కువగా ఉన్నాయి. కలుపు మొక్క వల్ల వచ్చే రోగాన్ని కూడా పట్టించుకునే పరిశోధకులు ఉన్నారని దీన్నిబట్టి తెలుస్తోంది. లేనిది ప్రభుత్వాల పట్టింపు, నిధులు.

పురుగుమందు, ఉద్దానం

చర్మం అంటే పై తోలు మాత్రమే కాదు, ఒంట్లోకి తలుపు. మందు కొట్టేవాళ్ల ఒంట్లోకి విషం ఎక్కువగా పోయేది ఆ దారినే. వీపు మీద పంపు కారితే, గాలి ఎదురు తిరిగితే, చేతితో మందు కలిపితే చొక్కా తడిసి విషం ఒంటికి ఇంకుతుంది. తడిసిన ఆ బట్టలు ఇంట్లో ఉతికేది ఆడవాళ్లు. పచ్చి పొగాకు కోసేవాళ్లకు ఆకు తడి నుంచి నికోటిన్ చర్మం గుండా ఎక్కి తల తిరగడం, వాంతులు వస్తాయి. దీన్ని అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ గుజరాత్ పొగాకు కూలీలలో పరిశీలించింది. మన పొగాకు పొలాల్లో పనిచేసేవాళ్లకూ ఆ ఆకు తడే తగులుతోంది.

పెన్‌గంగ అవతల యవత్‌మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఏ మందులు కలిపి కొట్టారో తెలియక, చాలా మందులకు తగిన విరుగుడు లేక, డాక్టర్లు లక్షణాలను బట్టి వైద్యం చేయాల్సి వచ్చింది. రక్షణ దుస్తులు వేసుకోలేదని చనిపోయినవాళ్ల మీదే నింద పడింది. వానలు పడి ఎండ కాసే ఆ ఉక్కలో ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుక్కుని తలెత్తు పత్తిలో పంపు మోయగలరా అని నింద వేసినవాళ్లు ఒక్క రోజు చేసి చెప్పాలి. మన వాతావరణానికి సరిపోయే దుస్తులు తయారు చేయడం కూడా పరిశోధనే. మందు అమ్ముకుని లాభపడే కంపెనీలు దానికి డబ్బు పెట్టాలి.

పురుగుమందుల చట్టం 1968లో 26వ సెక్షన్ ఒకటి ఉంది. పురుగుమందు వాడకం వల్ల జరిగే ప్రతి విషప్రభావాన్నీ అధికారులకు తెలపాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చని అందులో ఉంది. చావులే కాదు, ఒళ్లు మండి, కళ్లు మసకబారి ఆస్పత్రికి వచ్చిన ప్రతి కేసూ దాని కిందికి వస్తుంది. ఆ సెక్షన్‌ను నిజంగా అమలు చేస్తే అయిదేళ్లలో ఏ మందు మనల్ని ఎంత దెబ్బతీస్తోందో లెక్క చేతికొస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి అందరికీ తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే కుటుంబాలను కిడ్నీ జబ్బు ఏళ్లుగా తినేస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. నీళ్లా, ఎండా, పురుగుమందులా, వీటన్నిటి కలయికా అన్నది ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పోరాటాల వల్ల వచ్చిన ఫలితమిది, స్వాగతిస్తున్నాం. కానీ ఎన్నో బృందాలు వచ్చాయి, రక్తం తీసుకున్నాయి, మూత్రం తీసుకున్నాయి. తేలిందేమిటో ఆ ఊళ్లకు తిరిగొచ్చి తెలుగులో చెప్పిన సందర్భాలు తక్కువ. నికరాగ్వాలో చెరకు కోసే కూలీలకు ఇలాంటి కిడ్నీ జబ్బే వస్తే, నీడ, నీళ్లు, విశ్రాంతి ఇచ్చే పద్ధతి పెట్టి పరిశీలించారు. కిడ్నీ దెబ్బతినడం తగ్గిందని తేలింది. అక్కడ ట్రయల్‌లో పరీక్షించింది బిళ్లలను కాదు, పని పరిస్థితులను. అలాంటి పరిశోధనను మనం అడిగి మరీ తెచ్చుకోవాలి.

ఖమ్మంలో జరిగింది

ఇప్పుడు భయం సంగతి. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమమది. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. కొందరు చనిపోయారు. గొడవ లేచాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. ఆ టీకా నేడు ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది, క్యాన్సర్‌ను అడ్డుకుంటోంది కూడా. ఈ మాట దాచకుండా చెప్పాలి.

అయితే తప్పు వేరే చోట జరిగింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వేల సంఖ్యలో హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టేశారు. పిల్లలకు ఏం జరిగితే ఎవరు చూడాలన్న ఏర్పాటు సరిగా లేదు. దీన్ని ట్రయల్ అనకుండా ‘ప్రదర్శన కార్యక్రమం’ అన్నారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకా అయినా సరే, అడగకుండా వేస్తే అది అన్యాయమే. 2011లో పిడుగురాళ్ల ప్రాంతం నుంచి పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి మందుల ప్రయోగాల్లో పెట్టిన ఉదంతమూ బయటపడింది. మన రోగాల మీద పరిశోధన చేయమంటే నిధులు ఉండవు, ప్రయోగానికి మనుషులు కావాల్సి వస్తే మాత్రం దారి మన ఊళ్లకే తెలుస్తుంది.

ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ సుప్రీంకోర్టుకెక్కడం, దేశమంతా ఆందోళన జరగడంతో నిబంధనలు మారాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. వాటి ప్రకారం మీకు తెలిసిన భాషలో అంతా వివరించాలి, సంతకం చేసిన పత్రం నకలు మీకివ్వాలి. చదువు రానివారి విషయంలో సంస్థకు సంబంధం లేని సాక్షి ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. నైతిక సంఘం అనుమతి, ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు నంబరు ఉండాలి. ఎవరైనా పరిశోధన పేరుతో ఊళ్లోకి వస్తే ముందు ఆ నంబరు అడగండి. చెప్పలేకపోతే రక్తం బొట్టు కూడా ఇవ్వనక్కర్లేదు.

పరిశోధనే వద్దనడం మాత్రం మనకు నష్టం. కుష్ఠుకు ఒకప్పుడు జీవితాంతం డాప్సోన్ బిళ్ల మింగాల్సి వచ్చేది. పరిశోధనలు జరిగాయి కాబట్టే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. నేడు ఆరు నెలల నుంచి ఏడాదిలో ఉచితంగా నయమవుతోంది. అది పేదల రోగం మీద జరిగిన పరిశోధన. తామరకు, వయ్యారిభామ దురదకు, పురుగుమందు దెబ్బకు, కిడ్నీ జబ్బుకు కూడా అలాంటిదే కావాలి.

మన డిమాండ్లు

ప్రభుత్వాల ముందు ఈ కోర్కెలు పెడుతున్నాం.

1. ప్రతి ఓపీ చీటీలో వృత్తి, పంట, గత వారం వాడిన పురుగుమందు రాసే గడి ఉండాలి. కౌలురైతును, కూలీని విడిగా నమోదు చేయాలి.

2. రెండు రాష్ట్రాలూ పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ కింద ఆదేశాలిచ్చి అమలు చేయాలి, మండలాల వారీగా వివరాలు ఏటా ప్రకటించాలి.

3. ప్రభుత్వ మెడికల్ కాలేజీల చర్మ విభాగాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి వ్యవసాయ పనుల వల్ల వచ్చే రోగాల మీద పరిశోధన చేయడానికి ప్రత్యేక నిధి పెట్టాలి. అందులో పురుగుమందుల కంపెనీల నుంచి వాటా వసూలు చేయాలి, పరిశోధన ఎలా జరగాలన్నది మాత్రం వాటి చేతికి ఇవ్వకూడదు.

4. డాక్టరు చీటీ లేకుండా స్టిరాయిడ్ ట్యూబుల అమ్మకం ఆపాలి. నెలకు ఒకసారైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చర్మ వైద్యుడిని పంపాలి.

5. గ్రామాల్లో ఏ పరిశోధన చేసినా ముందు గ్రామసభకు తెలపాలి, ఫలితాలు తెలుగులో తిరిగి అక్కడే చెప్పాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేదు. ప్రతి గ్రామ కమిటీ ఈ సీజను నుంచే ఒక నోటు పుస్తకం పెట్టాలి. మందు కొట్టి ఒంట్లో బాగోలేనివాళ్ల వివరాలు, కొట్టిన మందు పేరు, తేదీ రాయాలి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఖాళీ డబ్బా గానీ, దాని మీది చీటీ ఫొటో గానీ వెంట తీసుకెళ్లాలి. డాక్టరు అడగకపోయినా, ‘అయ్యా, నేను మిరపకు మందు కొడతాను, నిన్న ఇది కొట్టాను’ అని మనమే ముందు చెప్పి చీటీ మీద రాయించుకోవాలి. జిల్లా మహాసభల నాటికి ఆ పుస్తకాలన్నీ ఒకచోట చేర్చి కలెక్టర్ల ముందు పెడదాం.